ఎనిమిదో తరగతి పిల్లలకు ఆధారాలతో వాదించడం ఎలా నేర్పాలి?

ప్రకాశం జిల్లాలో ఓ పల్లె బడిలో సైన్సు చెబుతాను. మా ఎనిమిదో తరగతి పిల్లలు ‘మన ఊరి బోరు నీళ్లు తాగొచ్చా?’ అనే అంశం ఎంచుకున్నారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, ఈ ప్రాంతంలోనే. కాబట్టి వాళ్లకిది ఇంటి సంగతే.

ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు ఫర్వాలేదని చెప్పే భారతీయ ప్రమాణం రాసుకొచ్చారు, సంతోషం. మరి మన బోరులో ఎంతుంది అంటే నీళ్లు నమిలారు. ఒక పాప లేచి, “మా నాయనమ్మ పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి సార్, అది చాలదా?” అంది. అదీ ఆధారమే. కానీ అదొక్కటే సరిపోదని ఆ పిల్లను చిన్నబుచ్చకుండా ఎలా చెప్పాలో తోచలేదు. ఇక మాట్లాడమంటే చార్టు వైపు తిరిగి గడగడా చదివేస్తారు, ఎవరైనా ‘ఎందుకు?’ అంటే ఆగిపోతారు.

ఈ వయసు వాళ్లతో ఇలాంటివి చేయించినవాళ్లు దయచేసి చెప్పండి. కళ్లతో చూసింది, కొలిచింది, ఎవరో అన్నది, ఈ మూడింటి తేడా మీ పిల్లలకు ఏ అభ్యాసంతో అర్థమైంది? ఎదుటివాళ్ల వాదన కూడా రాయించడం ఇప్పుడే తొందరపాటా? వచ్చే నెల ఊరి పెద్దల ముందు వీళ్లచేత మాట్లాడించాలని ఉంది.