క్రీ.పూ. 221: మన గడిలో ఏం రాయాలి?

సోషల్ టీచర్:
తొమ్మిదో తరగతి గోడకు కాలపట్టిక చేస్తున్నాను. ఒకే ఏడు వేర్వేరు చోట్ల ఏం జరిగిందో పిల్లలకు చూపాలని క్రీ.పూ. 221 తీసుకున్నాను. చైనాలో చిన్ రాజ్యపు రాజు జెంగ్ ఆఖరి శత్రురాజ్యం 'చీ'ని కూడా గెలిచి, తొలి చక్రవర్తినని కొత్త బిరుదు పెట్టుకున్నాడు. స్పెయిన్‌లో కార్తేజ్ (ఉత్తర ఆఫ్రికాలోని నగరరాజ్యం) సేనాని హస్ద్రుబల్ హత్యకు గురైతే, అతని బావమరిది హన్నిబాల్‌ను ఆ సైన్యం నాయకుడిగా ఎన్నుకుంది. అప్పటికి అతనికి పాతికేళ్లు దాటాయంతే. మాసిడోనియాలో కుర్రాడు ఐదో ఫిలిప్ గద్దెనెక్కాడు. భారతదేశం గడి మాత్రం ఖాళీ. శాతవాహనుల ఆరంభం అని రాసేయనా?

కృష్ణాతీరం:
రాయండి మేడం. మత్స్య పురాణం ఆంధ్ర రాజులకు, అంటే శాతవాహనులకు, 460 ఏళ్లు ఇచ్చింది. వాళ్ల పాలన ముగిసిన క్రీ.శ. మూడో శతాబ్దం నుంచి వెనక్కి లెక్కేస్తే దాదాపు అక్కడికే వస్తాం. మన చరిత్ర అనేసరికి ఎందుకింత సంకోచం?

గుత్తి బస్సు:
సంకోచం కాదండీ. అవే పురాణాలు మగధను ఏలిన కణ్వులను కూలదోసి ఆంధ్రులు వచ్చారనీ అంటున్నాయి. ఆ మాట పట్టుకుంటే క్రీ.పూ. మొదటి శతాబ్దంలోకి వెళ్తాం. రెండు లెక్కలకూ మధ్య రెండు వందల ఏళ్ల తేడా! ఇష్టమైనది ఒకటి ఏరుకుని పిల్లల గోడ మీద పెట్టడం నాకు తప్పనిపిస్తుంది.

మా ఊరి దగ్గరి ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. చిన్నప్పుడు ఆ అక్షరాలు వేలితో తడిమేవాణ్ని. అశోకుడు కళింగను గెలిచింది పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకని 13వ శాసనంలో చెప్పుకున్నాడు. క్రీస్తుపూర్వం అన్న లెక్క ఆయనకు తెలియదు కదా. అదే శాసనంలో ఐదుగురు యవన (గ్రీకు) రాజుల పేర్లున్నాయి, అంతియోక, తురమయ, ఇలా. వాళ్ల కాలం గ్రీకుల లెక్కల్లో దొరికింది కాబట్టే అశోకుడి కాలం మనకు తెలిసింది. ఆంధ్రుల పేరూ అందులోనే ఉంది. ఇంత గట్టి ఆధారం చేతిలో ఉండగా గడి నింపడానికి తొందరెందుకు?

కృష్ణాతీరం:
అలాగైతే మొత్తం పట్టికే తీసేయాలి. జెంగ్‌కు అది తన పాలనలో 26వ ఏడు. రోమన్లు ఏ ఏడాదినైనా ఆ ఏటి కాన్సుల్‌ల (ఏటేటా ఎన్నికయ్యే ఇద్దరు పాలకుల) పేర్లతో పిలిచేవారు. 221 అన్నది తర్వాతివాళ్లు అతికించిన అంకె. వాళ్లకు వర్తించే వెసులుబాటు మనకెందుకు ఉండదు?

గుత్తి బస్సు:
వాళ్లవి ఏటికేడు రాసిపెట్టుకున్న లెక్కలు, అందుకే అంకె అతికింది. మన దగ్గర ఆ కాలానికి అలాంటి వరస దొరకలేదు. దానర్థం ఇక్కడ ఏమీ జరగలేదని కాదు. అశోకుడు పోయి అప్పటికి సుమారు పదేళ్లు, మౌర్యుల పట్టు సడలుతున్న కాలం. అది రాయండి, 'సుమారు' అన్న మాట మాత్రం వదలకండి.

కృష్ణాతీరం:
శాతవాహనుల సంగతి నేనింకా ఒప్పుకోలేదు. 'సుమారు' మాత్రం సరే.

సోషల్ టీచర్:
మన వరసలో గడులు తీసేశాను. అశోకుడు పోయిన క్రీ.పూ. 232 దగ్గర మొదలై, మౌర్యుల పాలన ముగిసిన 185 దాకా సాగే పొడవాటి పట్టీ గీసి, రెండు చివర్లూ చుక్కలతో వదిలాను. శాతవాహనులకు వేరే రంగులో రెండు పట్టీలు, మీ ఇద్దరి లెక్కలకూ చెరొకటి. పిల్లలు అడుగుతారు, అడగనివ్వండి. ఎర్రగుడి శాసనం ఫొటో ఉంటే పంపండి, పక్కనే అంటిస్తాను.