పిల్లల సంస్థ, పెద్దల సినిమా: వేరే పేరు పెట్టుకోవడం మర్యాదా, ముసుగా?

గట్టుమీద గోపాలం

సినిమా చరిత్ర తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. డిస్నీ అంటే మనకు మిక్కీ మౌస్, యువరాణులు, కోట మీద బాణసంచా. అదే సంస్థ 1984లో టచ్‌స్టోన్ అనే పేరు పెట్టి పెద్దల కోసం సినిమాలు తీయడం మొదలుపెట్టింది. కొన్నేళ్లకు హాలీవుడ్ పిక్చర్స్ అని ఇంకొకటి వచ్చింది. 1993లో మిరామాక్స్ అనే సినిమా సంస్థను కొన్నారు. 2019లో ఫాక్స్‌ను కొన్నాక దాని స్టూడియోలు కూడా చేతికొచ్చాయి. డబ్బంతా ఒకే ఇనప్పెట్టెలోకి పోతున్నప్పుడు గుమ్మానికి ఇన్ని పేర్లెందుకు? నాకైతే ఇది పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే. పిల్లల మేలు కోసం అంటారు గానీ, ఇది పరువు కోసం వేసుకున్న ముసుగు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాతరీలు

గోపాలం గారూ, ముసుగు అనేముందు ఆ పేరు ఎందుకు పుట్టిందో చూడాలి. వాల్ట్ డిస్నీ 1966లో చనిపోయారు. డెబ్బైల చివరికి వచ్చేసరికి, కాస్త మీసం మొలిచిన కుర్రాడెవడూ డిస్నీ సినిమాకు వెళ్తున్నానని బయట చెప్పుకునే పరిస్థితి లేదు. వాళ్లు మారడానికి ప్రయత్నించారు. 1979లో 'ద బ్లాక్ హోల్' తీసి మొదటిసారి పీజీ రేటింగు తెచ్చుకున్నారు. పిల్లలకు చూపించేముందు తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించుకోవాలని దాని అర్థం. 1983లో వచ్చిన 'నెవర్ క్రై వుల్ఫ్'లో కథానాయకుడు నూలుపోగు లేకుండా పరుగెత్తే దృశ్యం ఉంది. అది డిస్నీ పేరుతోనే విడుదలైంది.

అప్పుడు సంస్థను నడుపుతున్నది వాల్ట్ అల్లుడు రాన్ మిల్లర్. ఆయన ముందుకు 'స్ప్లాష్' వచ్చింది. మత్స్యకన్యను ప్రేమించిన న్యూయార్క్ యువకుడి కథ. దర్శకుడు రాన్ హోవర్డ్, హీరో టామ్ హ్యాంక్స్. డిస్నీ పేరు వేస్తే పెద్దలు పిల్లల సినిమా అనుకుని రారు, పిల్లలను తీసుకొచ్చినవాళ్లేమో ఇదేమి డిస్నీ సినిమా అని తిడతారు. అందుకే కొత్త పేరు. 1984 మార్చిలో విడుదలై ఒక్క అమెరికాలోనే దాదాపు 7 కోట్ల డాలర్లు రాబట్టింది. అంటే ఆ పేరు పెద్దలను పిలవడానికి పుట్టింది, పిల్లల కంట పడకుండా దాక్కోవడానికి కాదు. ఇంత చేసిన మిల్లర్ పదవి ఆ సెప్టెంబరుకల్లా ఊడిపోయింది, అది వేరే కథ.

ఎదురుప్రశ్న

పాతరీలు గారు పుట్టుక చెప్పారు, నడత చెప్పలేదు. 1988లో 'హూ ఫ్రేమ్‌డ్ రోజర్ ర్యాబిట్' టచ్‌స్టోన్ పేరుతో వచ్చింది. అందులో శృంగారం ఒలకబోసే జెస్సికా పాత్రను చూసినవాళ్లకు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. కానీ సినిమా ఆడగానే ఏమైంది? 1994లో కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో రోజర్ అనే ఆ సినిమా కుందేలు పేరు మీద పిల్లలకు బండి తిప్పే ఆట పెట్టారు.

దీనికన్నా మంచి ఉదాహరణ 'ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్', అస్థిపంజరం హీరోగా ఉన్న బొమ్మల సినిమా. 1993లో, మరీ చీకటిగా ఉంది, పసిపిల్లలు జడుసుకుంటారని డిస్నీ పేరు తీసి టచ్‌స్టోన్ పేరు వేశారు. ఏళ్లు గడిచేకొద్దీ దానికి అభిమానులు పెరిగారు, బొమ్మలు, చొక్కాలు అమ్ముడుపోయాయి. 2006లో త్రీడీలో మళ్లీ విడుదల చేసినప్పుడు మొదట్లో కనిపించింది డిస్నీ పేరే. కథ అదే, అస్థిపంజరం అదే. మారింది గల్లాపెట్టె ఒక్కటే. సినిమాలో ఏముందన్నదాన్ని బట్టి పేరు వేస్తారన్న వాదన ఇక్కడ నిలవదు. నా ఓటు గోపాలం గారికి.

ఇద్దరు పిల్లల తల్లి, డాలస్

మీరంతా పోస్టరు మీద ఎవరి పేరుందో చూస్తున్నారు. నా ఏడేళ్లవాడు చూడడు. మొన్న బొమ్మల దుకాణంలో స్పైడర్‌మ్యాన్ పక్కనే డెడ్‌పూల్ నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ ఎర్ర దుస్తులు, ముఖమంతా ముసుగు, తెల్ల కళ్లు. ఒకటే అర, ఇంచుమించు ఒకటే ధర. ఒకరు బడిపిల్లల హీరో, రెండోవాడి సినిమాలన్నిటికీ ఇక్కడ ఆర్ రేటింగు, అంటే 17 ఏళ్లు నిండనివాళ్లు పెద్దల తోడు లేకుండా చూడకూడదు. ఈ తేడా ఆ పెట్టె మీద ఎక్కడుంది? వాడు రెండోదే కావాలన్నాడు. ఎందుకు కొననో చెప్పడానికి నాకు ఇంటిదాకా పట్టింది.

ఇంట్లో కూడా అంతే. 2022 జులైలో డెడ్‌పూల్ సినిమాలను, అలాగే ఆర్ రేటింగున్న 'లోగన్'ను ఇక్కడి డిస్నీ ప్లస్‌లోనే పెట్టారు. ఒకే యాప్, ఒకే నీలం గుర్తు. నాకు అడ్డుగోడగా పనికొచ్చింది వేరే పేరు కాదు. పిల్లల ప్రొఫైలు, పిన్ నంబరు, రేటింగు. పేరు కంపెనీ కోసం, రేటింగు నాకోసం. ఈ రెండింటినీ కలిపి మాట్లాడకండి.

గట్టుమీద గోపాలం

నేను చెప్పబోయేది ఆవిడే చెప్పారు. మన ఊళ్లో శుద్ధ శాకాహార హోటలు యజమాని పక్క సందులో వేరే బోర్డు పెట్టి బిర్యానీ అమ్మాడనుకోండి. మొదటి హోటల్లో తినేవాళ్లకు ఆ సంగతి తెలియాలా వద్దా? డిస్నీ చేసింది తెలియనివ్వకపోవడం. పోస్టరు అడుగున చిన్న అక్షరాల్లో బ్యూనా విస్టా అని ఉండేది. అది 1953లో డిస్నీ పెట్టుకున్న పంపిణీ సంస్థ అని టికెట్ కొనేవాళ్లలో ఎందరికి తెలుసు?

లెక్కలాయన

పోలిక కుదరలేదు గోపాలం గారూ. హోటల్లో భయం గిన్నెల గురించి, గరిటెల గురించి. సినిమాకు అంటు ఉండదు. అయినా దాచారన్నది కూడా పూర్తి నిజం కాదు. 'ప్రెట్టీ ఉమన్' 1990లో టచ్‌స్టోన్ పేరుతో వచ్చి ప్రపంచమంతటా 46 కోట్ల డాలర్లు దాటింది. దాని వెనుక డిస్నీ ఉందని అమెరికా పత్రికలు అప్పుడే రాశాయి. వాటాదారులకు ఏటా పంపే నివేదికలోనూ ఉంటుంది.

అసలు తమాషా ఏమిటంటే, ఒక ధనవంతుడికీ వేశ్యకూ మధ్య నడిచే ఆ సినిమా మొదటి స్క్రిప్టు చాలా చేదు కథ. చివర్లో అతను ఆ అమ్మాయిని కారులోంచి దించేసి పోతాడు. టచ్‌స్టోన్ చేతిలో పడ్డాక అదే కథలో రాకుమారుడు వచ్చి మేడ ఎక్కి చెయ్యి అందుకుంటాడు. పెద్దల బోర్డు కింద కూడా వండింది డిస్నీ వంటే. నన్నడిగితే మోసపోయింది పెద్దలే.

ఇక ముసుగు అన్నారు. ముసుగైతే పనిచేయాలి కదా? 1995లో మిరామాక్స్ క్యాథలిక్ మతగురువుల రహస్య జీవితాల మీద తీసిన 'ప్రీస్ట్' విడుదల చేస్తే క్యాథలిక్ సంఘాలు నేరుగా డిస్నీ మీదే బహిష్కరణ పిలుపిచ్చాయి. 1997లో సదరన్ బాప్టిస్టులనే అమెరికా క్రైస్తవ శాఖవాళ్లు కూడా డిస్నీని బహిష్కరించారు. వాళ్ల కారణాల్లో సినిమాలే కాక వేరేవీ ఉన్నాయి, 2005 దాకా వెనక్కి తగ్గలేదు. 'ప్రీస్ట్' వచ్చిన 1995లోనే, టీనేజీ పిల్లల సెక్స్, మత్తుమందుల మీద తీసిన 'కిడ్స్' అనే సినిమాను మిరామాక్స్ పేరుతో కూడా విడుదల చేయనివ్వలేదు. మిరామాక్స్ నడిపే వైన్‌స్టీన్ సోదరులు దానికోసమే ఇంకో కంపెనీ పెట్టుకోవలసి వచ్చింది. 2004లో అమెరికా అధ్యక్షుడు బుష్‌ను విమర్శించే డాక్యుమెంటరీ 'ఫారెన్‌హీట్ 9/11' కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గెలిచినా డిస్నీ పంపిణీకి ఒప్పుకోలేదు. సోదరులు హక్కులు తిరిగి కొనుక్కుని బయటివాళ్లతో విడుదల చేయించారు, అది అమెరికాలోనే 11 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. ఎన్ని పేర్లు పెట్టుకున్నా నింద అసలు పేరుకే తగులుతుందని డిస్నీకి బాగా తెలుసు.

ఎదురుప్రశ్న

అంటే పేరు పిల్లలనూ కాపాడలేదు, కంపెనీనీ కాపాడలేదు. మరి ఎందుకు పెట్టినట్టు?

పాతరీలు

సినిమాను కాపాడింది. నేను ఈ చర్చలోకి వచ్చింది ఈ మాట కోసమే.

మళ్లీ 'స్ప్లాష్' దగ్గరికే వద్దాం. సముద్రపు ఒడ్డున మత్స్యకన్య హీరోకు ముద్దిచ్చి, వెనుదిరిగి నీళ్లలోకి పరుగెత్తుతుంది. కెమెరా వెనకనుంచి చూస్తుంది. ఒంటి మీద బట్టల్లేవు, ఉన్నది పొడవాటి జుట్టే, అది కింది భాగాన్ని పూర్తిగా కప్పదు. 1984లో టచ్‌స్టోన్ పేరుతో ఆ దృశ్యం అలాగే వెళ్లింది, ఎవరి కొంపా మునగలేదు. ముప్పై ఆరేళ్ల తర్వాత, 2020లో, అదే సినిమా డిస్నీ ప్లస్‌లో కనిపించేసరికి ఆమె జుట్టు పెరిగింది. కంప్యూటర్‌తో వెంట్రుకలు అతికించి పిరుదులు కప్పేశారు. ఆ అతుకు కింది అంచు చూస్తే గొర్రె ఉన్ని అంటించినట్టుంది. జనం నవ్విపోయారు.

వేరే పేరున్నంత కాలం ఆ సినిమా జోలికి ఎవరూ పోలేదు. డిస్నీ కోటలోకి తెచ్చిన రోజునే కత్తెర పడింది. గోపాలం గారు అడిగిన గుమ్మాలన్నీ ఒకటైతే జరిగేది ఇదే. పిల్లలు చెడిపోవడం సంగతి అటుంచండి, పెద్దలు చూడవలసినవి పిల్లల కొలతకు కుదించుకుపోతాయి.

కరెంటుపోయింది

ఇదంతా అమెరికా గొడవ. మన దగ్గర ఏమైందో గుర్తుందా? ఫాక్స్‌తోపాటు స్టార్ మా కూడా డిస్నీ చేతికి వచ్చింది. 2020లో యాప్ పేరు డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ అయింది. 2022 వరకూ మా ఇంట్లో డిస్నీ అంటే ఐపీఎల్, బిగ్ బాస్. అర్ధరాత్రి దాకా సాగే తిట్లన్నీ ఆ పేరు కిందే ప్రసారమయ్యాయి. ఒక్క తల్లి అయినా డిస్నీ పేరు మైలపడిందన్నదా? మనకు ఆ పేరు మీద అంత భక్తి లేదు. భక్తి ఉన్నచోటే వేరే బోర్డు అవసరం పడుతుంది.

ఇద్దరు పిల్లల తల్లి, డాలస్

భక్తి లేకపోవడం మంచిదే. అయితే అక్కడ కూడా 2024 నుంచి యూఏలో, అంటే పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్‌లో, 7, 13, 16 ఏళ్లని విడగొట్టారు కదా. నాకు కావలసింది అలాంటిదే. పాతరీలు గారి బాధ అర్థమైంది, కానీ అది సినిమా ప్రేమికుల బాధ.

గట్టుమీద గోపాలం

'స్ప్లాష్' సంగతి నాకు తెలియదు, బాగా చెప్పారు. కానీ అది పేరు మంచిదని రుజువు చేయదు, యాప్ నడిపేవాళ్లు పిరికివాళ్లని చెబుతుంది. ఇంకో మాట. 2024లో 'డెడ్‌పూల్ అండ్ వుల్వరీన్' ఆర్ రేటింగుతో, మన దేశంలో పెద్దలకు మాత్రమే అనే 'ఏ' సర్టిఫికెట్‌తో వచ్చి 130 కోట్ల డాలర్లు దాటింది. టచ్‌స్టోన్ లేదు, మిరామాక్స్ లేదు, చిన్నపిల్లల చొక్కాల మీద కూడా ఉండే మార్వెల్ పేరే వేశారు. డబ్బు ఖాయమని తెలిస్తే వేరే గుమ్మం అక్కరలేదన్నమాట. టచ్‌స్టోన్ పేరుతో 2016 తర్వాత ఒక్క సినిమా కూడా రాలేదు.

లెక్కలాయన

మార్వెల్ కూడా వేరే పేరే గోపాలం గారూ, మీరు అలవాటుపడి మర్చిపోయారు. కోట గుర్తు అక్కడా లేదు. 2023లో వచ్చిన, శృంగార దృశ్యాలు దండిగా ఉన్న 'పూర్ థింగ్స్' చూశారా? ఫాక్స్‌తో చేతికొచ్చిన సెర్చ్‌లైట్ అనే స్టూడియో పేరుతో విడుదలైంది, ఎమ్మా స్టోన్‌కు ఆస్కార్ వచ్చింది. ఆ సినిమా మొదట్లో కోట, బాణసంచా వేసి థియేటర్లోకి వదలగలరా? వదల్లేరు. అలాగని తీయడం మానేయాలా? దీనికి జవాబు చెప్పండి, తర్వాత ముసుగు గురించి మాట్లాడుకుందాం.