రేస్ టీవీలో చూడాలా, కారు లోపలి కెమెరాలో చూడాలా? రెండూ పెడితే బుర్ర తిరిగిపోతోంది

గుణుపురం_గేర్‌బాక్స్:
ఇక్కడ నాస్కార్, అదే అమెరికా కార్ రేసులు, చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అసలు? మాది గుణుపురం, మా వీధిలో క్రికెట్ తప్ప ఇంకోటి ఆటే కాదు, కార్లు గుండ్రంగా తిరగడం చూడ్డానికి అర్ధరాత్రి లేవడం ఏట్రా అని మా అమ్మ తిడతది. అందులో పెద్ద రేస్ డేటోనా 500 అంటే మనకి సోమవారం తెల్లారగట్ల ఒంటిగంటకి కదా.

ఇదివరకు టీవీలో ఏం చూపిస్తే అదే చూసేవాణ్ణి. ఈమధ్య ల్యాప్‌టాప్ టీవీకి తగిలించి రేస్ పెట్టి, పక్కన ఫోన్‌లో ఒక్క డ్రైవర్ కారు లోపలి కెమెరా పెట్టుకుంటున్నా. మొదట్లో భలే ఉంది. స్టీరింగ్ ఎంత వణుకుతుందో, ముందు కారు బంపర్‌కి ఎంత దగ్గరగా వెళ్తారో చూస్తే కడుపులో తిప్పింది. కానీ ఫోన్ 30, 40 సెకన్లు వెనక నడుస్తోంది. మొన్న టీవీలో మనోడి కారు గోడకి కొట్టి పొగలొస్తున్నాయి, ఫోన్‌లో చూస్తే హాయిగా నడుపుకుంటున్నాడు, ఒరే ఆగరా ముందు గోడుంది అని అరవాలనిపించింది. పైగా ఫోన్ చూస్తూ ఉంటే ఎవడు ముందున్నాడో, ఎవడు టైర్లు, పెట్రోల్ కోసం పిట్‌కి వెళ్ళాడో ఏదీ తెలీదు. ఇది రేస్ ఇంకా బాగా చూడటమా, లేక చెడగొట్టుకోవడమా? మీరెలా చూస్తారు?

బరంపురం_బాబాయ్:
తమ్ముడూ, మా ఊళ్ళో ఠాకురాణి యాత్ర ఎప్పుడైనా చూశావా. మేడ మీంచి చూస్తే ఏ వేషం ఎటు పోతుందో అంతా కనిపిస్తది. ఏదీ దగ్గరగా చూద్దాం అని కిందకి దిగావనుకో, ముందోడి వీపు, పక్కోడి మోచెయ్యి, అంతే. నీ ఫోన్ కెమెరా కూడా అదే.

అయినా కారులో కెమెరా కొత్తదేం కాదు. 1979 డేటోనా 500ని సీబీఎస్ వాళ్ళు మొదట్నుంచి చివరిదాకా లైవ్ ఇచ్చారు, 500 మైళ్ళ రేస్ మొత్తం అలా చూపించడం అదే మొదటిసారి, కారు లోపలి కెమెరా కూడా అప్పుడే పెట్టారు. చివరి ల్యాప్‌లో ముందున్న ఇద్దరూ, కేల్ యార్‌బరో, డానీ ఆలిసన్, గుద్దుకుని గడ్డిలోకి పోయారు, వెనకున్న రిచర్డ్ పెటీ గెలిచాడు, ఆ తర్వాత గడ్డిలో కొట్టుకోవడం కూడా టీవీలో వచ్చింది. ఆ కొట్లాట కారు లోపలి కెమెరాలో కనపడదు కదా. ఎప్పుడు ఏది చూపించాలో తెలిసినోడు ఒకడు కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఉంటేనే రేస్‌కి ఒక కథ ఉంటది. నీకు నువ్వే డైరెక్టర్ అయితే ఆ పని కూడా నీదే, రాత్రి రెండింటికి ఆ ఓపిక నాకైతే లేదు.

పార్లాకిమిడి_టు_షార్లెట్:
బాబాయ్ గారూ మీ మాట సగమే ఒప్పుకుంటా. నేను ఉండేది అమెరికాలో షార్లెట్ దగ్గర, టీములు కార్లు తయారుచేసే వర్క్‌షాపులు చాలా మటుకు ఈ చుట్టుపక్కలే. ఇక్కడ 2025లో మ్యాక్స్ యాప్‌లో కప్ రేసులకి, అంటే నాస్కార్ పెద్ద సిరీస్‌కి, కార్ల లోపలి ఫీడ్లు వచ్చాయి, నాకు కావాల్సినవాణ్ణి ఎంచుకోవచ్చు. టీవీ ఏం చేస్తుందంటే లీడర్‌ని, పేరున్నవాళ్ళని తిప్పితిప్పి చూపిస్తది. 22వ స్థానంలో ఉన్నవాడు మూడు గంటలు ఎంత కష్టపడ్డా వాడి మొహం కనపడదు, గోడకి కొడితేనే టీవీలోకి వస్తాడు.

గుణుపురం తమ్ముడూ, నువ్వు చేస్తున్న తప్పు ఒకటుంది, బొమ్మ చూస్తున్నావు గానీ మాట వింటున్నావా? డ్రైవర్‌కి సీటు రెండు పక్కలా తల పట్టి ఉంచే దిండ్లు, గుద్దుకున్నప్పుడు మెడ విరక్కుండా కాపాడే హాన్స్ పరికరం, తల తిప్పి పక్కకి చూసే వీలు పెద్దగా ఉండదు. అందుకే స్టాండ్ పైన స్పాటర్ నిలబడి రేడియోలో చెప్తూనే ఉంటాడు, నీ లోపలి పక్క ఒకడున్నాడు, బయటి గోడ పక్క ఒకడున్నాడు, ముగ్గురు పక్కపక్కన, ఇప్పుడు క్లియర్ అని. రేడియో పెట్టుకుని కారు లోపలి ఫీడ్ చూస్తే వేరే రేస్ చూసినట్టుంటది. ఆ గొంతు కాస్త హెచ్చిందంటే ఏదో జరగబోతోంది అని మనకి ముందే తెలిసిపోద్ది. ఇక్కడ ట్రాక్‌కి వెళ్ళినోళ్ళు కూడా చాలామంది ఆ రేడియో మాటలు వినే స్కానర్ అద్దెకి తీసుకుని హెడ్‌ఫోన్ పెట్టుకునే కూర్చుంటారు.

జయపురం_పిట్‌స్టాప్:
బ్రో నీ ఆలస్యం లెక్క చూడు. డేటోనా 2.5 మైళ్ళు, గుంపులో ఒక రౌండ్ 50 సెకన్ల లోపే, అంటే నీ ఫోన్ దాదాపు ఒక ల్యాప్ వెనక. మార్టిన్స్‌విల్ ట్రాక్ అయితే 0.526 మైలే, అక్కడ రెండు ల్యాపులు వెనకే ఉంటావ్ 😂 ఫోన్‌ని ముందుకి తేలేవు కాబట్టి టీవీని పాజ్ చేసి ఫోన్‌కి సరిపెట్టు. స్కోర్ చూపించే యాప్ మాత్రం మూసెయ్, అది అన్నిటికన్నా ముందే చెప్పేస్తది, మజా పోద్ది.

ఇంకోటి, బాబాయ్ గారు కథ అన్నారు కదా. 2022 అక్టోబర్ 30, మార్టిన్స్‌విల్, రాస్ చస్టైన్. టైటిల్ కోసం నలుగురు పోటీపడే ఫైనల్‌కి వెళ్ళాలంటే ఇంకో రెండు పాయింట్లు కావాలి, మిగిలింది అర ల్యాప్. ఐదో గేర్ వేసి కారుని గోడకి ఆనించి నొక్కేశాడు, స్టీరింగ్ కూడా వదిలేశానని తర్వాత తనే చెప్పాడు, చిన్నప్పటి వీడియో గేమ్ గుర్తొచ్చి చేశాడంట. ఆ ల్యాప్ 18.845 సెకన్లు. ఐదుగుర్ని దాటి డెన్నీ హామ్లిన్ ఫైనల్ చోటు లాక్కున్నాడు. దూరం నుంచి చూస్తే ఒక కారు పిచ్చిగా దూసుకొచ్చినట్టే ఉంటది. కారు లోపలి వీడియోలో మాత్రం గోడ కుడి కిటికీ పక్కనే గీసుకుపోతూ, మిగతా కార్లు ఆగిపోయినట్టు ఎడంపక్క వెనక్కి జరిగిపోతుంటే ఒళ్ళు జలదరించింది, నేను ఇరవై సార్లు చూసుంటా. మరుసటి ఏడాది నుంచి అలా చేస్తే శిక్షేనని నాస్కార్ వాళ్ళు చెప్పేశారు.

బరంపురం_బాబాయ్:
అది నేనూ చూశాన్లే. కానీ రేస్ అయిపోయాక చూశాను, అదీ నా పాయింట్. లైవ్‌లో టీవీ, తర్వాత నింపాదిగా కారు లోపలిది. 2025 డేటోనా 500లో విలియం బైరన్ అనే డ్రైవర్ చివరి ల్యాప్‌లోకి తొమ్మిదో స్థానంలో వచ్చి గెలిచాడు, ముందోళ్ళు గుద్దుకుంటుంటే బయటి లేన్‌లోంచి ఎలా దాటేశాడో మళ్ళీ వేసి చూస్తేనే అర్థమయింది నాకు.

రాయగడ_కుర్రాడు:
మధ్యలో వస్తున్నా ఏమనుకోకండి, మనవాళ్ళు ఎవరైనా ఇందులో నడిపారా?

పార్లాకిమిడి_టు_షార్లెట్:
నారాయణ్ కార్తికేయన్, 2010లో ట్రక్ సిరీస్, అంటే నాస్కార్‌లోనే పికప్ ట్రక్కుల రేసులు. మొదటి రేసే మార్టిన్స్‌విల్‌లో, 13వ స్థానం. ఆ ఏడాది అక్కడి అభిమానుల ఓట్లతో పాపులర్ డ్రైవర్ అవార్డు కూడా ఆయనకే వచ్చింది.

గుణుపురం_గేర్‌బాక్స్:
పాజ్ ఐడియా పని చేసింది అన్నా, పాత రేస్‌తో ట్రై చేశా, టీవీ 35 సెకన్లు ఆపితే రెండూ కలిసిపోయాయి. పది నిమిషాలకి మా నెట్ గుండ్రంగా తిరగడం మొదలెట్టి మళ్ళీ తేడా వచ్చేసింది, అది వేరే సంగతి. రేడియో మాత్రం ఫోన్‌కి ఇయర్‌ఫోన్ పెట్టి విన్నా, స్పాటర్ మాట సగం అర్థం కాలేదు గానీ ఆయన "క్లియర్" అన్న ప్రతిసారీ నాకే ఊపిరి వచ్చినట్టయింది. నడిమి గుంపులో ఎవణ్ణి పట్టుకుని చూడమంటారు, ఒక పేరు చెప్పండి, ఈసారి వాణ్ణే పెడతా.