2012 స్విఫ్ట్‌లో హైదరాబాద్ నుంచి జైపూర్: అన్నీ మార్పించాలా, ముట్టుకోకుండా వెళ్లాలా?

బదిలీ_బండి
నమస్తే. జూన్ రెండో వారంలో ఇల్లు జైపూర్‌కి మారుస్తున్నాం. బండి 2012 ఆగస్టు స్విఫ్ట్ వీఎక్స్‌ఐ పెట్రోలు, 94 వేల కిలోమీటర్లు. గత ఏడాదంతా సిటీలోనే, 4 వేలు కూడా తిరగలేదు. టైర్లు 165/80 ఆర్14, గీతలు బాగానే ఉన్నాయి, పక్కన 2318 అని ఉంది. కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఎప్పుడు మార్చారో రికార్డు లేదు.

షెడ్డులో చెప్పిన లిస్టు: రేడియేటర్, పైపులన్నీ, వాటర్ పంపు, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచేది), బెల్టు, క్లచ్, బ్యాటరీ, టైర్లు. మొత్తం 58 వేలు. ఇంకో మెకానిక్ "నడిచే బండిని కెలక్కండి" అన్నాడు. చేతిలో 12 రోజులున్నాయి. నలుగురం వెళ్తున్నాం, దారి నాగ్‌పూర్, బేతుల్, భోపాల్, బ్యావరా, కోటా. సుమారు 1,450 కిలోమీటర్లు. ఏం చేయించాలి?

స్టార్ట్_కాదు
ఇంజను లోపలి కవాటాలను వేళకు తెరిచి మూయించే టైమింగ్ బెల్ట్ మర్చిపోయారు. 94 వేలంటే ఎప్పుడో మార్చి ఉండాలి.

పాత_పానా
అది కే12 ఇంజను బాబూ, దాంట్లో చైను ఉంటుంది. టైమింగ్ బెల్టు ఉండదు. పొద్దున మొదటి స్టార్టులో రెండు మూడు సెకన్లు గరగరలాడితే చైనును బిగువుగా ఉంచే టెన్షనర్ చూడాలి, లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు.

బదిలీ గారూ, మీ షెడ్డువాడు చెప్పిందాంట్లో క్లచ్ తప్ప మిగతావన్నీ చేయించండి. ఎందుకంటే పద్నాలుగేళ్ల రబ్బరు సిటీలో బాగానే కనిపిస్తుంది. సిటీలో ఇంజను 20 నిమిషాలు నడిచి ఆగుతుంది. నాగ్‌పూర్ దాటాక నలభై మూడు డిగ్రీల ఎండలో, ఏసీ వేసి, నలుగురూ సామానూ ఎక్కి, అయిదారు గంటలు ఆపకుండా నడిస్తే కూలింగ్ సిస్టమ్ మొత్తం గంటల తరబడి ఒత్తిడిలో ఉంటుంది. పైపు క్లాంపు దగ్గర ఉబ్బి ఉంటే అక్కడే పోతుంది. రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్, వయసొచ్చాక పెళుసెక్కి అతుకు దగ్గర చీలుతుంది. ఇంజను బ్లాకు, దాని మీద కూర్చునే హెడ్డు రెండూ అల్యూమినియం. ఒక్కసారి బాగా కాగిందంటే హెడ్డు వంగి, రెంటి మధ్య సీలుగా ఉండే గాస్కెట్ పోతుంది, అప్పుడు మీ 58 వేలు చిల్లర లెక్క.

మీ లిస్టులో ఉన్న బయటి బెల్టు సంగతి చాలామందికి తెలియదు. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ని తిప్పే బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. అది తెగితే బ్యాటరీ లైటు వెలుగుతుంది, జనం "ఛార్జింగ్ కదా, ఊరొచ్చాక చూద్దాం" అని లాగిస్తారు. పది నిమిషాల్లో ఇంజను ఉడుకుతుంది. బ్యాటరీ లైటు వెలిగితే బండి ఆపాలి, అంతే.

ఘాట్_రోడ్డు
పానా గారు చెప్పిన కారణాలన్నీ నిజం. ముగింపు మాత్రం తప్పు. ప్రయాణానికి 12 రోజులుండగా ఏడు చోట్ల ఒకేసారి విప్పించడమంటే ఏడు కొత్త అనుమానాలు కొనుక్కోవడం. పాత పైపు పద్నాలుగేళ్లు పరీక్ష రాసి పాసైంది. కొత్త పైపు ఇంకా హాల్ టికెట్ కూడా తీసుకోలేదు.

ముందు పరీక్షించండి, ఫెయిలైనవే మార్చండి:

చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్‌కి ప్రెషర్ టెస్టర్ పెట్టించి 1.1 బార్ ఎక్కించి 15 నిమిషాలు చూడండి. ముల్లు దిగకపోతే లీకు లేదు. మూతను కూడా అదే టెస్టర్‌తో చూడొచ్చు. అనుమానముంటే మూత మార్చేయండి, మొత్తం సిస్టమ్‌లో చౌకైనది అదే.

పైపులు చల్లగా ఉన్నప్పుడు రెండు వేళ్లతో నొక్కండి. కరకరమంటే, బంకగా ఉంటే, క్లాంపు పక్కన ఉబ్బితే మార్చాలి. గట్టిగా, సమంగా ఉంటే వదిలేయండి.

వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, దాని దగ్గర ఎండిన రంగు మరకలుంటే సీలు పోతోంది. బెల్టు తీసి పుల్లీని అటూ ఇటూ ఊపితే ఆట ఉండకూడదు.

ఏసీ వేసి పదిహేను నిమిషాలు ఐడిల్‌లో ఉంచి రేడియేటర్ ఫ్యాను ఆగుతూ తిరుగుతూ ఉందో చూడండి.

ఇన్నీ పాసైతే కూలెంట్ మాత్రం మార్చి, రేడియేటర్ జోలికి వెళ్లకండి.

ఐదో_గేరు
అన్నా, ముందుగాల టైర్లు మార్చు. 2318 అంటే 2018ల 23వ వారం. ఎనిమిదేండ్లాయె. గీతలు జూసి మోసపోకు, ఎండకు రబ్బరు ఎండిపోయి ఉంటది. వాల్వులు గూడ కొత్తవి ఏపిచ్చు, స్టెప్నీ తారీఖు గూడ జూడు.

పాత_పానా
టైర్ల విషయంలో ఎవరికీ తగాదా లేదు. దానితోపాటు బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్. గాలి డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద నిండు లోడుకి రాసిన అంకె ప్రకారం, చల్లగా ఉన్నప్పుడే నింపాలి. మధ్యాహ్నానికి 3, 4 పీఎస్‌ఐ పెరుగుతుంది. అది చూసి గాలి తీసేసే మేధావులున్నారు, మీరు ఆ పని చేయకండి. గాలి తక్కువైతేనే టైరు ఎక్కువ కాగేది.

ఘాట్ గారి ప్రెషర్ టెస్టు గురించి. 15 నిమిషాలు చల్లటి ఒత్తిడి నిలిచినంత మాత్రాన కాగిన పైపు నిలుస్తుందని లేదు. పైపు లోపలి పొర విడిపోతే బయటికి తెలియదు. వేగంలో కింది పైపు లోపలికి పీల్చుకుని మూసుకుపోతుంది. పై పైపు, కింది పైపు, హీటర్ పైపులు రెండు. వీటికి పీనాసితనం దేనికో అర్థం కాదు.

ఘాట్_రోడ్డు
పీనాసితనం కాదు. ఆ పైపులు పెట్టేటప్పుడు షెడ్డుల్లో ఏం చేస్తారో చెప్పండి. కంపెనీ పెట్టిన స్ప్రింగ్ క్లాంపు తీసి పక్కన పడేసి, స్క్రూ క్లాంపు వేసి, బలమంతా పెట్టి బిగిస్తారు. స్ప్రింగ్ క్లాంపు వేడికి పైపు ఉబ్బితే తనూ సాగుతుంది, చల్లారితే తనూ బిగుస్తుంది. స్క్రూ క్లాంపు కదలదు. అతిగా బిగిస్తే రబ్బరు కోసుకుంటుంది, పాత ప్లాస్టిక్ మూతి పగులుతుంది. అంటే మీరు కాపాడబోయిన రేడియేటర్‌నే మీరు పగలగొట్టినట్టు.

పాత_పానా
పద్నాలుగేళ్ల స్ప్రింగ్‌లో పట్టు ఎక్కడుంటుందండీ? కొత్త స్ప్రింగ్ క్లాంపు సరైన సైజులో అడిగితే సగం దుకాణాల్లో మొహం చూస్తారు. స్క్రూ క్లాంపు తప్పు కాదు, బిగించే చెయ్యి తప్పు. మూతి గట్టు దాటాక, పైపు చివరి నుంచి నాలుగైదు మిల్లీమీటర్లు లోపలికి పెట్టి, రబ్బరు కొద్దిగా పొంగేదాకా బిగించి, ఇంజను ఒకసారి కాగి చల్లారాక పావు చుట్టు సరిచూసుకుంటే ఏళ్లు ఉంటుంది.

ఘాట్_రోడ్డు
"కాగి చల్లారాక సరిచూసుకుంటే". ఆ సరిచూడటం ఎవరు చేస్తారు? బండి ఇచ్చేశాక మళ్లీ పిలిచి పావు చుట్టు తిప్పే షెడ్డు ఒక్కటి చూపించండి.

స్టార్ట్_కాదు
క్లాంపు మీద మూడు పోస్టులు. ఆయన బ్రేకుల గురించి ఒక్కరూ అడగలేదు.

లెక్కలమాస్టారు
నేను అడుగుతాను. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లు దాటితే మార్చండి. అది గాలిలోంచి తేమ పీలుస్తుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ప్రమాణం 155కి దిగుతుంది. ఘాట్ దిగుతూ పదేపదే బ్రేకు తొక్కితే ఫ్లూయిడ్ మరిగి, పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. లీటరు కొత్త సీలు డబ్బా కొనివ్వండి, నాలుగు చక్రాల దగ్గరా కొత్త రంగు వచ్చేదాకా తీయించండి. వెనక డ్రమ్ములు విప్పి లైనర్లు, వీల్ సిలిండర్ తడి చూడమనండి. వీల్ బేరింగ్ శబ్దం వేగంతో పెరిగే ఊళలా ఉంటుంది, స్టీరింగ్ కొద్దిగా ఒకవైపు తిప్పితే మారుతుంది.

క్లచ్‌కి పరీక్ష: నాలుగో గేరులో 40 వేగంతో ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఆర్‌పీఎం (ఇంజను చుట్ల వేగం) మాత్రం ఎగిరితే ప్లేటు జారుతోంది. లేకపోతే వదిలేయండి.

బ్యాటరీ: రాత్రంతా ఆపి ఉంచాక 12.6 వోల్టుల దగ్గర, ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. నాలుగేళ్లు దాటి ఉంటే లోడ్ టెస్టు చేయించండి.

ఇక కాగితాలు. 2012 బండి కాబట్టి మీ నంబరు ఇంకా ఏపీతో మొదలవుతుందనుకుంటా. అయినా రికార్డు తెలంగాణ ఆర్‌టీఏ దగ్గరే ఉంటుంది. హైదరాబాద్ వదిలేముందే ఫారం 28తో జైపూర్‌కి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోండి. చలాన్లు బాకీ ఉంటే ఆగిపోతుంది, పాత లోన్ ఆర్‌సీలో ఇంకా కనిపిస్తుంటే ఫారం 35తో ముందు అది తీయించాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచితే ఫారం 27తో అక్కడి నంబరు తీసుకోవాలి, పన్ను అక్కడ మళ్లీ కట్టాలి. ఇంకో ముఖ్యమైనది: మీ ఆర్‌సీ గడువు 2027 ఆగస్టుతో 15 ఏళ్లు నిండుతుంది. అప్పుడు ఫారం 25, ఫిట్‌నెస్ పరీక్ష, 5 వేల రెన్యువల్ ఫీజు. అక్కడ పన్ను కట్టాక ఏడాదిలోనే ఇది కూడా. 58 వేలు పెట్టేముందు ఈ లెక్క కూడా వేసుకోండి.

బదిలీ_బండి
అవును సార్, ఏపీ 28. లోన్ తీరింది, ఆర్‌సీలో ఇంకా బ్యాంకు పేరుంది. దీన్ని అసలు ఆలోచించలేదు. లారీ మీద పంపేస్తే ఈ గొడవే ఉండదు కదా?

లెక్కలమాస్టారు
రోడ్డు గొడవ ఉండదు, కాగితాల గొడవ అలాగే ఉంటుంది. పంపేటట్టయితే ట్యాంకులో పావు మాత్రమే పెట్రోలు ఉంచండి, లోపల ఇంటి సామాను పెట్టకండి, ఎక్కించే ముందు మీటరు అంకెతో సహా చుట్టూ ఫొటోలు తీసి సంతకం తీసుకోండి. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీదో, ఎంతకో చదవండి.

ఐదో_గేరు
నడుపుకుంట పోతే సామాను లెక్క జూస్కో అన్నా. గీ బండి మోసేది మనుషులు, సామాను కలిపి 400 నుంచి 450 కిలోలు. నలుగురు 240 అయితే మిగిలేదెంత? టాప్ మీద క్యారియర్ కట్టి మిక్సీ, గ్రైండర్, కుక్కర్లు ఎక్కియ్యకు. బరువైనయి డిక్కీల కిందికి, వెనక సీటుకు ఆనిచ్చి పెట్టు. స్టెప్నీ, జాకీ అందేటట్టు ఉండాలె, సామానంత దించితెగాని రాకుంటే రోడ్డు మీద ఏడుస్తవ్.

పాత_పానా
నేను మొదటి రోజు నుంచీ ఒకటే అంటున్నాను, కుటుంబంతో వెళ్లేవాడికి "పరీక్షించి చూద్దాం" అనే సలహా ఇవ్వకూడదని. ఘాట్ గారు ఈ చర్చల్లో ఎప్పుడూ ఇంతే. ఎవరు బండి గురించి అడిగినా "ముట్టుకోకండి, మెకానిక్ చెడగొడతాడు" అంటారు. కార్బురేటర్ల కాలం నుంచీ పానా పట్టుకున్నవాళ్లం మాకు ఒక క్లాంపు బిగించడం రాదా?

ఘాట్_రోడ్డు
మీకు రాదని ఎవరన్నారు? ఆయన బండి మీ దగ్గరికి రావడం లేదు కదా. రేడియేటర్, పంపు, థర్మోస్టాట్, బెల్టు ఒకే మధ్యాహ్నం విప్పి సాయంత్రం "అయిపోయింది సార్" అనే చోటికి వెళ్తోంది. థర్మోస్టాట్ పెట్టాక గాలి పూర్తిగా బయటికి తీశారో లేదో ఆయనకెలా తెలుస్తుంది? చిక్కుకున్న గాలి బుడగే బేతుల్ ఎక్కేటప్పుడు ఇంజను కాగడానికి చాలు. నా అభ్యంతరం పని మీద కాదు, పనికీ ప్రయాణానికీ మధ్య గడువు లేకపోవడం మీద.

పాత_పానా
అయితే ఆ మాట మొదటే అనాల్సింది. "కొత్త పైపు హాల్ టికెట్ తీసుకోలేదు" అని వెటకారం దేనికి? గడువే సమస్య అయితే ఆయనకి 12 రోజులున్నాయి. మూడో రోజుకి పని పూర్తి చేయిస్తే తొమ్మిది రోజులు మిగులుతాయి.

ఘాట్_రోడ్డు
తొమ్మిది రోజులూ బండి ఆఫీసుకీ ఇంటికీ తిరిగితే అది గడువు కాదు. ఆ తొమ్మిది రోజుల్లో 400, 500 కిలోమీటర్లు గట్టిగా తిప్పాలి. అలా తిప్పేటట్టయితే పైపులు మార్చడానికి నేను అడ్డు చెప్పను.

లెక్కలమాస్టారు
హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి తేలిక. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) చుట్టు 158 కిలోమీటర్లు. మధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసి, వెళ్లే రోజు ఎంత బరువుంటుందో అంతా ఎక్కించి, 90 దగ్గర ఆపకుండా ఒక చుట్టు. మరో రోజు వికారాబాద్ అనంతగిరి గుట్ట ఎక్కి దిగండి, బ్రేకులకూ క్లచ్‌కీ. రెండుసార్లూ మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం, ఇంజనాయిలు కడ్డీ, రాత్రి బండి కింద పరిచిన అట్టముక్క మీద చుక్కలు పడ్డాయేమో చూడండి.

బదిలీ_బండి
అందరికీ థాంక్స్. చేయించింది: టైర్లు, వాల్వులు, అలైన్‌మెంట్, పైపులు నాలుగు, బెల్టు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, ఇంజనాయిలు ఫిల్టరుతో. రేడియేటర్, పంపు ప్రెషర్ టెస్టులో పాసయ్యాయి, వదిలేశాం. క్లచ్ జారడం లేదు. బ్యాటరీ లోడ్ టెస్టులో పడిపోయింది, కొత్తది. బ్యాంకు నుంచి ఫారం 35 వచ్చింది.

నిన్న ఓఆర్‌ఆర్ చుట్టాను. వేడి హెచ్చరిక ఏమీ రాలేదు. పొద్దున చూస్తే కూలెంట్ డబ్బాలో మట్టం ఒక వేలు మందం తగ్గింది. కింద తడి లేదు.

పాత_పానా
క్లాంపుల దగ్గర తెల్లటి లేదా రంగు చార ఏమైనా ఉందా? టార్చి వేసి కింది పైపు దగ్గర కూడా చూడండి.

ఘాట్_రోడ్డు
చార లేకపోతే లోపల మిగిలిన గాలి బయటికి వచ్చి, ఆ చోటులోకి కూలెంట్ వెళ్లి ఉంటుంది. ఇంజను పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి అంచు దాకా నింపండి, డబ్బాలో గరిష్ఠ గీత దాకా. కుళాయి నీళ్లు పోయకండి, అదే కూలెంట్ కలిపింది పోయండి. హీటర్ పూర్తి వేడిలో పెట్టి రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపి, ఆపి చల్లారాక మళ్లీ చూడండి. తర్వాత ఇంకో 150 కిలోమీటర్లు. మట్టం కదలకపోతే బయల్దేరండి. మళ్లీ తగ్గితే లీకు వెతకాల్సిందే, లోపల ఎక్కడైనా ఉండొచ్చు.

పాత_పానా
ఆ పని చేసేటప్పుడే క్లాంపులు పావు చుట్టు చూసుకోండి. స్క్రూవే వేశారా, స్ప్రింగా?

బదిలీ_బండి
రెండు స్క్రూ, మిగతావి పాత స్ప్రింగులే వదిలేశాడు.

ఐదో_గేరు
ఇగ అయింది. మళ్ల షురూ చేస్తరు ఇద్దరు.