అప్‌డేట్: ఫ్రీబీఎస్‌డీలో సైకోపీజీ2 ఎక్కింది

బెంగళూరు ఆఫీసులోని ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్‌లో పైథాన్ 3.11కి పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు పెట్టే టూల్) సైకోపీజీ2 (పైథాన్‌ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి కలిపే లైబ్రరీ) ఎక్కించబోతే "పీజీ_కాన్ఫిగ్ దొరకలేదు" అని ఆగిపోతోందని అడిగాను కదా, అది తేలిపోయింది. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది పోస్ట్‌గ్రెస్ క్లయింట్ ప్యాకేజీ పెట్టమన్న సలహా. రూట్‌గా (అడ్మిన్ యూజర్‌గా) ఫ్రీబీఎస్‌డీ ప్యాకేజీ టూల్ పీకేజీ ఇన్‌స్టాల్ కమాండ్‌తో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్16-క్లయింట్ పెట్టగానే పీజీ_కాన్ఫిగ్ (పోస్ట్‌గ్రెస్ ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే ప్రోగ్రామ్) /usr/local/bin ఫోల్డర్‌లోకి వచ్చింది. తర్వాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్) అదే పిప్ కమాండ్ మళ్లీ ఇస్తే కంపైల్ అయిపోయింది. ఉబుంటులోలాగా ఇక్కడ హెడర్లకు (కంపైల్‌కి కావలసిన ఫైళ్లు) వేరే డెవ్ ప్యాకేజీ ఉండదు, అన్నీ క్లయింట్‌లోనే ఉంటాయి. ఒక్క జాగ్రత్త: పాత వెర్షన్ క్లయింట్ ఉంటే కొత్తదానితో పడదు. ఒప్పుకుంటూ వై (y) కొట్టేముందు పీకేజీ ఏవేవి తీసేస్తానంటోందో ఆ లిస్టు చదవండి, దాని మీద ఆధారపడ్డవి కూడా పోవచ్చు.

ముందే కంపైల్ చేసి ఇచ్చే సైకోపీజీ2-బైనరీ ఇక్కడ దండగ. పైపీఐలో (పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే చోటు) ఫ్రీబీఎస్‌డీకి రెడీమేడ్ వీల్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) లేదు కాబట్టి అదీ సోర్స్ నుంచే కట్టబోయి అదే ఎర్రర్ ఇస్తుంది. జీసీసీ కంపైలర్ పెట్టినా, పిప్ అప్‌గ్రేడ్ చేసినా ఈ ఎర్రర్ పోదు. క్లాంగ్ అనే కంపైలర్ సిస్టమ్‌తోనే వస్తుంది.

కంపైల్ గొడవే వద్దనుకుంటే పీకేజీలో పీవై311-సైకోపీజీ2 ఉంది. కానీ అది సిస్టమ్ పైథాన్‌లోకి వెళ్తుంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌కి కనిపించాలంటే దాన్ని సిస్టమ్-సైట్-ప్యాకేజెస్ ఆప్షన్‌తో సృష్టించాలి.

అన్నట్టు, ఎస్‌క్యూలైట్3 (ఇంకో డేటాబేస్) మాడ్యూల్ కూడా ఇక్కడ పైథాన్‌తో రాదు, పీవై311-ఎస్‌క్యూలైట్3 విడిగా పెట్టాలి.