కానూరు వైపు కొత్త హైస్కూలు కావాలా, వద్దా?

కాలవగట్టు:
విజయవాడ పక్కనే ఉన్న కానూరు, యనమలకుదురు, తాడిగడప, పోరంకి కరోనా రోజుల్లోనే కలిసి మునిసిపాలిటీ అయ్యాయి. 2011 లెక్కల ప్రకారం ఒక్క కానూరులోనే దాదాపు 49 వేల మంది. ఇప్పుడు వంద అడుగుల రోడ్డు మీద నిలబడి ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. ఇంత జనానికి ఉన్న సర్కారు హైస్కూళ్లు చాలవు, ఇంకొకటి కట్టాల్సిందే అని నా వాదన. కాదనేవాళ్లు రండి.

రిటైర్డ్ మేష్టారు:
నేను కాదంటాను బాబూ. ఆ 49 వేల మంది ఎవరనుకుంటున్నావు? 2011లో ఇంటింటికీ తిరిగి జనాన్ని రాసింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ డ్యూటీ నాకూ పడింది. మార్చిలో ఇంటర్ పరీక్షలు కాబట్టి మన వైపు కాలేజీ హాస్టళ్లన్నీ కిటకిటలాడుతున్నాయి. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లవాణ్ణి సొంతూళ్లో కాదు, హాస్టల్ ఉన్న చోటే రాయాలి. వార్డెన్ పక్కన కుర్చీ వేసుకుని రిజిస్టర్ చూసి పేర్లు దింపుకుంటుంటే ఒక్క హాస్టల్‌కే పూట గడిచిపోయేది. శ్రీకాకుళం కుర్రాడు, కర్నూలు కుర్రాడు, అందరూ మన జనాభాలోనే. వాళ్లలో ఒక్కడైనా ఇక్కడ ఆరో తరగతిలో చేరతాడా? తలకాయల లెక్క చూసి బడి కట్టకూడదు.

పోరంకి అమ్మ:
మేష్టారూ, మీ హాస్టళ్ల మాట ఒప్పుకుంటాను. కానీ అది 2011 సంగతి. అప్పటి చంటిపిల్లలు ఇప్పుడు పదో తరగతి దాకా వచ్చేశారు. 2021లో జరగాల్సిన లెక్క కరోనాతో ఆగి 2027కి పోయింది. మధ్యలో పుట్టినవాళ్లు ఏ కాగితం మీదున్నారు? మా అపార్ట్‌మెంట్‌లో 20 ఫ్లాట్లు, బడికెళ్లే పిల్లలు 23 మంది.

ఆటోనగర్ బాబాయ్:
ఆ 23లో సర్కారు బడికి ఎంతమందమ్మా?

పోరంకి అమ్మ:
ఒక్కరే. మా వాచ్‌మన్ కూతురు. మీరు ఎటు లాగుతున్నారో తెలిసిందిలెండి.

ఆటోనగర్ బాబాయ్:
లాగడం కాదమ్మా. పిల్లల్ని బడికి పంపే తల్లులకు సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బు ప్రైవేటులో చదివినా వస్తోంది, ఇక అటే పోతారు. నా బాధ మా షెడ్డులో పనిచేసే కుర్రాళ్ల గురించి. కాలవ కట్ట మీద అద్దెకుంటారు. వాళ్ల పిల్లలకి స్కూల్ బస్సు ఫీజు కట్టడమంటే సగం జీతం పోయినట్టే. ప్రాథమిక బడి కిలోమీటరులోపు, ఆరు నుంచి ఎనిమిది దాకా 3 కిలోమీటర్లలోపు ఉండాలని విద్యాహక్కు నిబంధన. పల్లెలో కిలోమీటరంటే పొలం గట్టు మీద నడక. ఇక్కడ బందరు రోడ్డు దాటాలి! ఏడేళ్ల పిల్లని ఆ లారీల మధ్య ఒంటరిగా ఎవరు పంపుతారు?

రిటైర్డ్ మేష్టారు:
ఇది మాత్రం నిజం. 2022లో 3, 4, 5 తరగతుల పిల్లల్ని కిలోమీటరులోపున్న హైస్కూళ్లకు కలిపినప్పుడు మా వీధిలో ఇద్దరు తల్లులు ఆ రోడ్డుకి భయపడే ప్రైవేటుకి మార్చేశారు. అలా కలపమన్న జీవో 117ను 2025లో తీసేశారు. ఆ ఇద్దరు పిల్లలు మాత్రం తిరిగి రాలేదు. అందుకే అంటున్నా, కావాల్సింది హైస్కూలు కాదు. కట్టకి ఇవతల ఒకటి నుంచి ఐదు దాకా, తరగతికో టీచరున్న బడి.

కాలవగట్టు:
సరే, హైస్కూలు పంతం వదిలేస్తున్నా. మరి స్థలం? ఈ చుట్టుపక్కల సెంటు ధర వింటే గుండె ఆగుతుంది. పైగా జిల్లాలు చీల్చినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి, మన పెనమలూరు మండలం కృష్ణాకి. బెంజి సర్కిల్ కూతవేటు దూరంలో ఉండి, అర్జీ పట్టుకుని 60 కిలోమీటర్లు మచిలీపట్నం పోవాలి.

పోరంకి అమ్మ:
స్థలం ఎందుకండీ, కమ్యూనిటీ హాలు పగలంతా ఖాళీయే కదా. ముందు పిల్లలెంతమందో తేలాలి. మూడేళ్ల నుంచి పదేళ్ల లోపు వాళ్లని మనమే రాసుకుందాం. పేరు, వయసు, ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారు, రోడ్డు దాటాలా అక్కర్లేదా. ఆదివారం ఎవరొస్తారు?

ఆటోనగర్ బాబాయ్:
షెడ్డు మూసేసి వస్తా.

రిటైర్డ్ మేష్టారు:
కట్ట మీద ఇళ్లు నేను రాస్తాను. అపార్ట్‌మెంట్లు మాత్రం అమ్మాయ్, నువ్వే చూసుకో. ఆ వాచ్‌మన్లు నన్ను గేటు దాటనివ్వరు.