‘కోయిసాన్’ని తెలుగులో ఏమని పిలవాలి?

జపాన్ రచయిత తనిజాకి జునిచిరో రాసిన నలుగురు అక్కచెల్లెళ్ళ నవల మీలో కొందరు చదివే ఉంటారు. జపనీస్‌లో పేరు ‘ససమెయుకి’, అంటే సన్నగా రాలే మంచు. 1957లో ఇంగ్లీషులోకి ‘ది మకియోకా సిస్టర్స్’ అని వచ్చింది. 1936 నుంచి 1941 దాకా ఒసాకా, ఆశియా ఊళ్ళలో నడిచే కథ. పాత వ్యాపార కుటుంబం, తండ్రి పోయాక కొట్టు చేతులు మారింది, పరువు మాత్రం మిగిలింది. సురుకో, సచికో, యుకికో, తాయెకో, వరసగా పెద్ద నుంచి చిన్న.

నవలలో మొట్టమొదటి మాటే ‘కోయిసాన్’. సచికో అద్దం ముందు కూర్చుని మెడ వెనక పౌడరు రాసుకుంటూ ఉంటుంది, చెయ్యి అందదు, అద్దంలో వెనకాల చెల్లెలు కనబడగానే ‘కోయిసాన్, కాస్త రాద్దూ’ అన్నట్టు బ్రష్ అందిస్తుంది. ఒసాకాలో మంచి ఇళ్ళవాళ్ళు ఇంట్లో కడపటి ఆడపిల్లను అలా పిలిచేవారు. అలాగే చెల్లెళ్ళు సచికోని పిలిచే పిలుపుకి అర్థం నడిమి అక్క. ఇది చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే మనకి ‘నడిపక్క’ ఉంది కదా! పెద్దక్క, నడిపక్క, చిన్నక్క అని పుట్టిన వరసనే పిలుపు చేసుకున్న భాష మనది. ఇంగ్లీషులో ‘సిస్టర్’ అనేస్తే ఎవరు ముందో ఎవరు వెనకో తెలీదు, ఇంగ్లీషులో చదువుతుంటే మొదటి వంద పేజీలూ ఆ నాలుగు పేర్లు కలగాపులగం అయిపోతాయి.

ఈ కథ ముడి అంతా ఆ వరసలోనే ఉంది. మూడో ఆమె యుకికోకి ముప్పై వస్తున్నా పెళ్ళి కుదరదు, ఆమెకి కాకుండా తాయెకోకి చెయ్యరు. (అన్న ఉండగా ముందు పెళ్ళి చేసుకున్న తమ్ముణ్ణి ‘పరివేత్త’ అని అమరకోశం ప్రత్యేకంగా పేరు పెట్టి మరీ చెప్పింది, కాబట్టి ఇది మనకి కొత్త సంగతి కాదు.) తాయెకో ఇంకా చిన్న వయసులో ఒకబ్బాయితో వెళ్ళిపోతే పేపరువాళ్ళు పొరపాటున యుకికో పేరు వేశారు, పెద్దబావ సవరణ వెయ్యమంటే ఈసారి తాయెకో పేరు అచ్చేశారు, దాంతో ఇద్దరి పేరూ పాడైంది. ఈ సంగతి చదివేటప్పుడు ఎవరు అక్క ఎవరు చెల్లెలు అన్నది క్షణం కూడా మర్చిపోకూడదు. అందుకే తెలుగు చేసేవాళ్ళు అన్నిచోట్లా పేర్లు పెట్టకుండా, సంభాషణల్లో నడిపక్క, చిన్నక్క అని పిలుపులే వాడాలని నా గట్టి అభిప్రాయం.

చిక్కు కోయిసాన్ దగ్గరే. ‘చిట్టి’ అంటే మరీ పసిపిల్ల అనిపిస్తుంది, తాయెకో బొమ్మలు చేసి అమ్మి సొంతంగా సంపాదించుకునే మనిషి. పనివాళ్ళూ అదే పిలుపు పిలుస్తారు, అక్కలూ అదే పిలుస్తారు. మీరేమంటారు?

జవాబు:
గోదావరి వైపు ‘బుల్లమ్మాయి’ ఉండగా వెతుక్కోవడం ఎందుకండీ? అక్క పిలిస్తే ‘బుల్లమ్మాయ్’, పనిమనిషి పిలిస్తే ‘బుల్లమ్మాయిగారూ’. ఎంత వయసొచ్చినా ఆ పిలుపు పోదు, మనవలు పుట్టాక కూడా బుల్లమ్మాయిగారే. ఇంకోటి, ఒసాకాలో ఉన్న అసలు కుటుంబాన్ని ‘పెద్దిల్లు’ అనొచ్చు బానే ఉంటుంది, కానీ ఆశియాలో సచికో కాపురాన్ని దానికి జోడీగా ‘చిన్నిల్లు’ అన్నారంటే అర్థమే మారిపోతుంది, దయచేసి ఆ పని చెయ్యకండి.

నా మాట:
బుల్లమ్మాయి అద్భుతంగా కుదిరిందండీ, చాలా థాంక్స్. మనం ‘తెనాలి వాళ్ళు’, ‘ఏలూరు వాళ్ళు’ అని ఊరి పేరుతో చెప్పుకున్నట్టే ‘ఆశియా వాళ్ళు’ అనేస్తే సరిపోతుంది.

పెద్దబావ తాత్సువో, సచికో భర్త తెయినొసుకె, ఇద్దరూ ఇల్లరికం వచ్చినవాళ్ళే. కాకపోతే మన ఇల్లరికపు అల్లుడు ఇంటిపేరు మార్చుకోడు, కోస్తా జిల్లాల్లో కొన్ని కులాల్లో ఆస్తి హక్కుతో సహా వచ్చే ‘ఇల్లటం’ అల్లుడికి కూడా పుట్టింటి హక్కు పోదు. అక్కడ అల్లుడు ఏకంగా మకియోకా అయిపోతాడు. తాత్సువో బ్యాంకు ఉద్యోగి, మామగారి వ్యాపారం తన వల్ల కాదని వదిలేశాడు, మరదళ్ళకి అతని మీద ఆ కోపం చల్లారదు. కాబట్టి మొదట్లో ఒక్కచోట ‘ఇంటిపేరు మార్చుకుని ఇల్లరికం వచ్చాడు’ అని విప్పి చెప్పి, తర్వాత ఉత్త ఇల్లరికం అంటే చాలు.

ఇక ఆ ఇంట్లో ఒక ఊతపదం ఉంది, ఎవరికి కాస్త నీరసంగా ఉన్నా ‘బి’ తగ్గిందంటారు, బి విటమిన్ అన్నమాట, అది తగ్గితే వచ్చే బెరిబెరి జబ్బు భయంతో అక్కచెల్లెళ్ళు ఒకరికొకరు ఇంజెక్షన్లు ఇచ్చుకుంటూ ఉంటారు. దీన్ని ‘నాకు బి తగ్గిందే, సూది వెయ్యవే’ అని రాస్తే ఎలా ఉంటుంది? తెలంగాణ, ఉత్తరాంధ్ర వాళ్ళు నలుగురు అక్కచెల్లెళ్ళున్న ఇంట్లో మూడో పిల్లని ఏమంటారో కూడా చెప్పండి, యుకికోకి ‘చిన్నక్క’ నాకింకా సంతృప్తిగా లేదు.